ఎనిమిది ఔట్ల దూరంలో…

పోయిన దీపావళి మీకెలా గడిచిందో తెలీదు. నాకైతే గుమ్మంలో ప్రమిదలు వెలుగుతుండగానే ఇంట్లో చీకటి పడిపోయింది.

2025 అక్టోబర్ 20, సోమవారం. సియాటిల్ పక్కన బాథెల్‌లో మా ఇల్లు. ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసి, పులిహోర కలిపి, దీపాలు పెట్టి, లక్ష్మీదేవికి దండం పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నా. ఆ దండంలో సగం ఇంటి కోసం, సగం సియాటిల్ మెరైనర్స్ కోసం. ఆరోజు టొరంటోలో బ్లూ జేస్‌తో ఏడో మ్యాచ్. సిరీస్ 3-3. ఈ ఒక్కటి గెలిస్తే మావాళ్లు వరల్డ్ సిరీస్ ఆడతారు. మన లెక్కలో ఫైనల్ అన్నమాట.

మా పక్కింటి పెద్దాయన కూడా వచ్చారు. డెబ్బై దాటాయి. విమానాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు, ఒంటరిగా ఉంటారు. ఆయనకి నా పులిహోర ఇష్టం, నాకు ఆయన చెప్పే పాత మ్యాచ్‌ల కథలు ఇష్టం. ఆయనకో అలవాటుంది. టీవీ చూస్తూనే ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చిన్న రేడియోలో కామెంటరీ వింటారు. మా ఇంట్లో మ్యాచ్ యాప్‌లో వస్తుంది కాబట్టి కాస్త లేటు. రేడియోలో జరిగింది మా టీవీలో జరగడానికి అర నిమిషం పడుతుంది.

ఏడో ఇన్నింగ్స్. మెరైనర్స్ 3, బ్లూ జేస్ 1. ఇంకో ఎనిమిది ఔట్లు తీస్తే చాలు. టొరంటో వాళ్లు ఇద్దరు బేస్‌ల మీదున్నారు. జార్జ్ స్ప్రింగర్ బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. టీవీలో పిచర్ ఇంకా బంతి వెయ్యలేదు. ఎందుకో పెద్దాయన వైపు చూశా. ఆయన మెల్లగా చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, రేడియో ఆపేసి, ప్లేటు పక్కన పెట్టారు.

నాకు అర్థమైపోయింది. అయినా టీవీ వైపే చూస్తూ కూర్చున్నా. ఏమో, టీవీలో వేరేలా జరుగుతుందేమోనని!

జరగలేదు. బంతి గోడ దాటింది. ఒక్క దెబ్బకి మూడు పరుగులు. 4-3. ఆ తర్వాత మావాళ్లు ఒక్క పరుగు కూడా చెయ్యలేదు. చివరి ఔట్ ఎవరనుకున్నారు? ఆ మ్యాచ్‌లోనే హోమ్ రన్ కొట్టిన మా హీరో హూలియో రోడ్రిగెజ్.

పెద్దాయన లేచి, "పులిహోర బాగుంది అమ్మాయ్" అన్నారు. కోటు వేసుకుని వెళ్లిపోయారు.

ఇంతకీ ఎవరీ మెరైనర్స్?

బేస్‌బాల్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికా మేజర్ లీగ్‌లో 30 టీమ్‌లు. ఒక్కో టీమ్ ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అవును, నూట అరవై రెండు. మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబర్ చివరి దాకా దాదాపు రోజూ మ్యాచే. అన్ని ఆడాక 12 టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అక్కణ్నుంచి వడపోసి, వడపోసి చివరికి రెండు టీమ్‌లు వరల్డ్ సిరీస్ ఆడతాయి.

ఈ 30లో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ గెలవనివి ఐదున్నాయి. ఆ ఐదులో నాలుగు కనీసం ఫైనల్ ఆడి ఓడిపోయాయి. అసలు ఫైనల్ గడపే తొక్కనిది ఒక్కటే. మా మెరైనర్స్.

1977 ఏప్రిల్ 6న, కింగ్‌డోమ్ అనే కాంక్రీట్ స్టేడియంలో వీళ్ల మొట్టమొదటి మ్యాచ్. 7-0తో ఓడిపోయారు. మా పెద్దాయన ఆరోజు భార్యతో కలిసి ఆ స్టేడియంలోనే ఉన్నారట. అప్పటికి పెళ్లై ఆర్నెల్లు. "మొదటి రోజే అర్థం కావాల్సింది మాకు" అంటారు నవ్వుతూ.

116 గెలిచి ఇంటికొచ్చిన కథ

మనకి 2023 నవంబర్ 19 గుర్తుందా? వద్దులెండి, మర్చిపోయినట్టు నటించకండి. వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి, అహ్మదాబాద్‌లో పదకొండోది ఓడిపోయాం. ఆ రాత్రి మీకెలా ఉందో, సియాటిల్‌లో 2001 అక్టోబర్ అలాంటిది.

ఆ ఏడాది మెరైనర్స్ 162లో 116 గెలిచారు. అంతకుముందు అన్ని గెలిచింది 1906లో షికాగో కబ్స్ మాత్రమే. జపాన్ నుంచి వచ్చిన ఇచిరో సుజుకీ మొదటి సీజన్‌లోనే 242 హిట్లు కొట్టి, బెస్ట్ కొత్త ఆటగాడు, బెస్ట్ ఆటగాడు అవార్డులు రెండూ పట్టేశాడు. ఇంకో సంగతి. అంతకుముందు మూడేళ్లలోనే రాండీ జాన్సన్, కెన్ గ్రిఫీ జూనియర్, అలెక్స్ రోడ్రిగెజ్ ముగ్గురూ టీమ్ వదిలి వెళ్లిపోయారు. ముగ్గురు సూపర్‌స్టార్లు పోయాక వచ్చిన రికార్డు అది!

తర్వాత? సెమీస్ లాంటి సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో 4-1తో చిత్తు. ఆ యాంకీస్ ఫైనల్లో ఆరిజోనా చేతిలో ఓడిపోయారు. ఆ ఆరిజోనాని గెలిపించిన వాళ్లలో ఒకడు సియాటిల్ వదిలేసిన రాండీ జాన్సన్. కథ రాసేవాడు కూడా ఇంత కసిగా రాయడు.

మరి 1906 కబ్స్ ఏమయ్యారంటారా? వాళ్లూ ఫైనల్ ఓడిపోయారు. 116 గెలిచిన రెండు టీమ్‌లకీ ఆ ఏడాది కప్పు లేదు.

ఆ తర్వాత మెరైనర్స్ మళ్లీ ప్లేఆఫ్స్ చూడటానికి 21 ఏళ్లు పట్టింది. 2022 సెప్టెంబర్ 30 రాత్రి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కాల్ రాలీ అనే కుర్రాడు హోమ్ రన్ కొట్టి ఆ శాపం తెంచాడు. పెద్దాయన ఆ రాత్రి ఒక్కరే చూశారు. ఆవిడ అంతకుముందు ఏడాదే పోయారు. "ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే చూసేది" అని ఒకే ఒక్కసారి అన్నారు నాతో. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"ఒక్కటి" అనే రోగం

శాపం తెగిందనుకున్నాం కదా. ఆ అక్టోబర్‌లోనే, 21 ఏళ్ల తర్వాత సొంత గడ్డ మీద మొదటి ప్లేఆఫ్ మ్యాచ్. హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లు. అది 18 దాకా వెళ్లింది. ఆరు గంటలు దాటింది. చివరికి హ్యూస్టన్ ఒకే ఒక్క పరుగు చేసి 1-0తో గెలిచి మమ్మల్ని ఇంటికి పంపింది. అమెరికా వచ్చిన కొత్తల్లో ఫ్రెండ్స్ లాక్కెళ్తే నేను వెళ్లిన మొదటి మ్యాచ్ అదే. రూల్స్ సగం అర్థం కాలేదు. కానీ అన్ని వేల మంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో అర్థమైంది. బయటికొస్తూ నేనెందుకు ఏడుస్తున్నానో నాకే తెలీలేదు. అప్పుడు ఎక్కింది ఈ జబ్బు.

2023లో 88 గెలిచారు. ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయింది. 2024లో 85. మళ్లీ ఒక్క మ్యాచ్ తేడా. ఏప్రిల్‌లో నిర్లక్ష్యంగా ఓడిపోయిన ఏ మంగళవారం మ్యాచో సెప్టెంబర్ చివర్లో అప్పులవాడిలా గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది.

ఇక 2025. కాల్ రాలీ 60 హోమ్ రన్లు. ఒక క్యాచర్ అన్ని కొట్టడం చరిత్రలోనే లేదు. 2001 తర్వాత మొదటిసారి డివిజన్ మాదే. డెట్రాయిట్ మీద ఐదో మ్యాచ్ 15 ఇన్నింగ్స్‌లు ఆడి గెలిచాం. టొరంటోలో మొదటి రెండూ గెలిచాం. ఇంటికొచ్చి రెండు ఓడాం. ఐదో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యుహెనియో సువారెజ్ గ్రాండ్ స్లామ్ కొట్టినప్పుడు నా పక్క సీట్లో ముక్కూ మొహం తెలియని పంజాబీ ఆంటీ నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. ఇంకొక్కటి గెలిస్తే చాలు అనుకున్నాం. ఆ ఒక్కటి రాలేదు.

1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు తీసుకుని అమెరికా సైకాలజిస్టులు చేసిన పేరున్న అధ్యయనం ఒకటుంది. మెడల్ అందుకునేటప్పుడు వెండి వచ్చినవాళ్ల కన్నా కంచు వచ్చినవాళ్ల మొహాల్లోనే ఎక్కువ సంతోషం కనిపించిందట. కంచు వచ్చినవాడు 'హమ్మయ్య, ఏదో ఒకటి వచ్చింది' అనుకుంటాడు. వెండి వచ్చినవాడు 'ఇంకొంచెమైతే' అనుకుంటాడు. దూరంగా ఓడిపోతే దెబ్బ తగిలి మానిపోతుంది. దగ్గరగా ఓడిపోతే 'అయ్యుంటే' అనే ముల్లు లోపలే ఉండిపోతుంది.

సన్‌రైజర్స్ ఫ్యాన్స్‌కి నేను చెప్పేదేముంది. 2024లో 277, 287 కొట్టిన టీమ్ ఫైనల్లో 113కి ఆలౌట్ అయింది కదా!

తమ్ముడి ఫోన్

ఆ దీపావళి రాత్రి మ్యాచ్ అయిపోయిన కాసేపటికి ఫోన్ మోగింది. ఖమ్మంలో అప్పటికి పొద్దున తొమ్మిదిన్నర. మా తమ్ముడు.

వాడి సంగతి చెప్పాలి. నాలుగేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని పోటీ పరీక్షలకి చదువుతున్నాడు. ఒకసారి ప్రిలిమ్స్‌లో పోయింది. ఇంకోసారి మెయిన్స్‌లో. ఆ మధ్య వచ్చిన రిజల్ట్‌లో ఒకటిన్నర మార్కుతో పోయింది. ఒకటిన్నర! ఒక ప్రశ్నకి పెట్టిన సమాధానం చెరిపేసి ఇంకోటి పెట్టాడట. మొదట పెట్టిందే కరెక్ట్. పండక్కి ఇంటికెళ్లాడు కానీ గదిలోంచి బయటికి రావట్లేదని అమ్మ చెప్పింది.

"ఓడిపోయార్రా మావాళ్లు" అన్నా ఏడుపు గొంతుతో. "ఎనిమిది ఔట్ల దూరంలో."

"చూశాలే అక్కా."

నాకు వెంటనే ఓదార్పు మూడ్ వచ్చేసింది. నా బాధ మీద నుంచి వాడి బాధ మీదకి దూకేశా. "చూడు, వీళ్లు 1977 నుంచి ఇంతేరా. అయినా వచ్చే ఏడు మళ్లీ వస్తారు. నువ్వూ అంతే. ఒకటిన్నర మార్కంటే దాదాపు కొట్టేసినట్టే. ఇంకొక్కసారి రాయి."

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాడన్న మాట నేను మర్చిపోలేను.

"అక్కా, నువ్వు స్టాండ్స్‌లో కూర్చుని 'వచ్చే ఏడు' అంటున్నావ్. నేను గ్రౌండ్‌లో ఉన్నా. నాకు ఇరవై తొమ్మిది."

ఫోన్ పెట్టేశాడు.

రాజుకి రాని మ్యాచ్

మర్నాడు సాయంత్రం డబ్బా ఇవ్వడానికి పెద్దాయన వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పా. ఆయన కాసేపు ఆలోచించి, "మీ తమ్ముడు కరెక్టే. నీకు ఫెలిక్స్ గురించి చెప్పానా?" అన్నారు.

ఫెలిక్స్ హెర్నాండెజ్. సియాటిల్ 'కింగ్' అని పిలుచుకున్న పిచర్. 2005లో పంతొమ్మిదేళ్ల కుర్రాడిగా వచ్చాడు. 2012 ఆగస్టు 15న పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. అంటే 27 మంది వచ్చారు, 27 మందీ ఔట్. ఒక్కడు కూడా బేస్ చేరలేదు. 2019 దాకా 15 సీజన్లు ఈ ఒక్క టీమ్‌కే ఆడాడు. ఆ పదిహేనేళ్లలో అతనికి దక్కిన ప్లేఆఫ్ మ్యాచ్‌లెన్నో తెలుసా? సున్నా. చివరి మ్యాచ్‌లో కన్నీళ్లతో గ్రౌండ్ వదిలాడు. ఆ తర్వాత మూడేళ్లకి టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది.

వింటుంటే నాకు మన లక్ష్మణ్ గుర్తొచ్చాడు. 134 టెస్టులు. ఈడెన్‌లో ఆస్ట్రేలియా మీద 281. కానీ ఒక్క వరల్డ్ కప్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2003లో టీమ్‌లోంచి పేరు తీసేశారు. హైదరాబాద్‌లో మనం ఇప్పటికీ ఆ మాట అనుకుంటూనే ఉంటాం. మనం అనుకుని, టీ తాగి, లేచి పనికెళ్లిపోతాం. ఆ లోటు మోయాల్సింది ఆయనే కదా.

"మేము ప్రతి అక్టోబర్‌లో 'నెక్స్ట్ ఇయర్' అన్నాం" అన్నారు పెద్దాయన. "అనడానికి మాకేం ఖర్చు కాలేదు. ఫెలిక్స్ ప్రతి 'నెక్స్ట్ ఇయర్'కీ తన భుజంలోంచి కొంత ఇచ్చాడు. ఫ్యాన్‌కి టైమ్ అయిపోదు. ఆటగాడికి అయిపోతుంది."

మరి ఇన్నేళ్లూ మీరెందుకు చూశారు, ఏం దక్కిందని అడిగా. నిజంగానే అడిగా, ఎగతాళికి కాదు.

ఆయన 1995 గురించి చెప్పారు. ఆగస్టు మొదట్లో 13 మ్యాచ్‌ల వెనక ఉన్న టీమ్, సెప్టెంబర్ అంతా గెలుచుకుంటూ వచ్చి ప్లేఆఫ్స్‌కి చేరింది. యాంకీస్‌తో మొదటి రెండూ ఓడి, తర్వాత రెండూ గెలిచి, ఐదో మ్యాచ్ పదకొండో ఇన్నింగ్స్ దాకా తీసుకెళ్లింది. ఎడ్గార్ మార్టినెజ్ కొట్టిన డబుల్‌కి కెన్ గ్రిఫీ మొదటి బేస్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి గెలుపు పరుగు తీశాడు. ఆ సెప్టెంబర్‌లోనే కొత్త స్టేడియం కోసం పన్ను వెయ్యడానికి జనం ఓటేసి కొద్దిలో కాదన్నారు. టీమ్ ఊరు వదిలి పోతుందనే అందరూ అనుకున్నారు. అక్టోబర్‌లో ఈ పిచ్చి చూశాక రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై వేరే దారిలో డబ్బు మంజూరు చేసింది. ఇప్పుడు మేం వెళ్లే స్టేడియం అలా వచ్చిందే. దాని పక్క రోడ్డుకి ఎడ్గార్ పేరే పెట్టారు.

"ఆ ఏడాది తర్వాత ఏమైందో తెలుసా? క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిపోయాం. అది కూడా మిస్సయిన ఏడాదే. కానీ నా భార్య ఆ డబుల్ పడిన రాత్రి కింగ్‌డోమ్ బయట నడిరోడ్డు మీద డాన్స్ చేసింది. సిగ్గరి మనిషి. జీవితంలో ఒక్కసారే. కప్పు వచ్చి ఉంటే బాగుండేదే. రాలేదు. ఆ రాత్రి మాత్రం వచ్చింది."

నాకింకోటి గుర్తొచ్చింది. 2016లో కబ్స్ 108 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు, షికాగోలో వాళ్ల స్టేడియం ఇటుక గోడల మీద జనం సుద్దముక్కలతో పేర్లు రాశారు. చూడకుండానే పోయిన నాన్నల పేర్లు, తాతల పేర్లు. ఈ సంగతి చెబితే పెద్దాయన, "నా దగ్గర ఓ సుద్దముక్క ఉంది. గ్యారేజీలో. చాన్నాళ్లుగా ఉంది" అన్నారు. అది జోకో కాదో నాకు తెలీలేదు. ఆయన నవ్వలేదు.

క్షమించరా తమ్ముడూ

ఆ శనివారం తమ్ముడికి ఫోన్ చేశా. "సారీరా. ఇంకొక్కసారి రాయి అని ఇంక నేననను. రాయాలా వద్దా నీ ఇష్టం. నువ్వు ఏం చేసినా నేను నీ వైపే" అన్నా. చెప్పడానికి చాలా చిన్న మాట. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదని అప్పుడే తెలిసింది. అమ్మ, నాన్న, నేను ముగ్గురం వాడికి ఫ్యాన్స్‌గానే ఉన్నాం. ప్రతి రిజల్ట్‌కీ కేకలు, ఏడుపులు, ఆ తర్వాత 'నెక్స్ట్ టైమ్ పక్కా'. మోకాళ్లు ఎలా ఉన్నాయని వాణ్ని అడిగినవాళ్లే లేరు.

వాడు చాలాసేపు మాట్లాడాడు. పరీక్ష గురించి కాదు. రూమ్మేట్ వదిలి వెళ్లిపోయిన సంగతి, పెళ్లిళ్లకి పిలిస్తే వెళ్లని సంగతి, 'ఏం చేస్తున్నావ్' అని ఎవరైనా అడిగితే గొంతు పట్టేసే సంగతి. చివర్లో తనే అన్నాడు, "ఒక్కసారి రాస్తా అక్కా. కానీ ఉద్యోగం చూసుకుని రాస్తా. అదే లాస్ట్. వచ్చినా రాకపోయినా."

సరే అన్నా. 'వస్తుందిలే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశా.

వాడిప్పుడు ఖమ్మంలోనే ఓ ప్రైవేట్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్నాడు. పిల్లలు 'సార్ క్లాస్ బాగుంటుంది' అంటున్నారని అమ్మ రిపోర్ట్. సాయంత్రాలు చదువుకుంటున్నాడు. వస్తుందో రాదో నాకు తెలీదు. ఈ కాలమ్ చివర్లో 'వచ్చేసింది' అని రాసే అవకాశం నాకింకా లేదు.

అన్నట్టు, మమ్మల్ని ఓడించిన టొరంటో ఏమైంది? వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కప్పుకి రెండు ఔట్ల దూరంలో ఉండగా డాడ్జర్స్ స్కోరు సమం చేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో గెలిచారు. ఎనిమిది ఔట్లకే మేమింత ఏడిస్తే, రెండు ఔట్ల వాళ్లు ఎంత ఏడ్చుంటారు! ఆ రాత్రి మాత్రం వాళ్ల మీద కోపం పోయింది.

ఫిబ్రవరి వచ్చింది. ఆరిజోనాలోని పియోరియాలో మావాళ్ల ప్రాక్టీస్ మొదలైంది. పెద్దాయన నిన్న తలుపు తట్టి, ఈ సీజన్ షెడ్యూల్ ప్రింట్ తీసి ఇచ్చారు. 162 మ్యాచ్‌లు, చిన్న అక్షరాల్లో. ఏ రోజు పులిహోర కావాలో ముందే పెన్నుతో టిక్కులు పెట్టారు.

"ఈసారైనా ఆ రేడియో ఇంట్లో పెట్టి రండి. మాకన్నా ముందే మీకు తెలిసిపోతోంది" అన్నా.

"వద్దు. ఎవరో ఒకరికి ముందు తెలియాలి. పక్కవాళ్లకి ప్లేటు అందించాలి కదా" అన్నారు.

రాత్రి తమ్ముడి నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, మీవాళ్ల ఫస్ట్ మ్యాచ్ ఎప్పుడు? మన టైమ్‌లో చెప్పు."